పెద్ద పాములు పెంచుకుంటున్న బెజవాడ, గుంటూరు మిత్రులకు ఒక బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

నేను విజయవాడలో పశువైద్యుడిని. చూసేది ఎక్కువగా కుక్కల్నీ పిల్లుల్నీ. కొన్నేళ్లుగా పాములు కూడా వస్తున్నాయి. అవి పగలు రావు. క్లినిక్ మూసే వేళకు ఫోన్ వస్తుంది. "డాక్టర్ గారూ, అక్కడ ఇంకెవరైనా ఉన్నారా?" అని అడుగుతారు. ఎవరూ లేరంటే అప్పుడు వస్తారు. భుజాన కాలేజీ బ్యాగు, అందులో దిండు గలీబు, గలీబులో పాము. మొదటిసారి ఒక పేరు చెప్పినవాళ్లు రెండోసారి ఇంకో పేరు చెబుతారు.

మీరు పాము పెంచుకుంటున్నారని నాకేమీ కోపం లేదు. ఆ గలీబు విప్పేటప్పుడు మీ చేతుల్లో ఉండే జాగ్రత్త నాకు తెలుసు. దాచి పెంచుతున్నారే, దాని గురించే నా భయం. ఇంటి ఓనరుకు తెలియదు, కింద ఫ్లాట్‌లోవాళ్లకు తెలియదు, కొందరి ఇళ్లలో అమ్మానాన్నలకు కూడా తెలియదు. పెద్ద పాము వల్ల జరిగే ప్రమాదాల్లో సగానికి మూలం ఈ దాపరికమేనని నా గట్టి నమ్మకం. అందుకే ఎవరి పేరూ ఎత్తకుండా అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చినవి ఎక్కువగా బాల్ పైథాన్లు. అది ఆఫ్రికా కొండచిలువ జాతి పాము, మహా అయితే నాలుగైదు అడుగులు, భయం వేస్తే ఉండ చుట్టుకుని తల లోపల దాచుకుంటుంది. పెద్దవాళ్లకు దానివల్ల ప్రాణాపాయం లేదు. కానీ ఈమధ్య అడిగే ప్రశ్నలు మారాయి. "బోవా తీసుకోవచ్చా?", "బర్మీస్ పిల్ల దొరుకుతోంది, ఎంతకు కొనొచ్చు?", "రెటిక్ మన ఎండకు తట్టుకుంటుందా?" అని అడుగుతున్నారు. ఇవి కొండచిలువలా బాగా పెద్దగా పెరిగే పాములు. స్వీటు డబ్బా లాంటి ప్లాస్టిక్ డబ్బాలో, రెండడుగులైనా లేని పిల్లను అమ్మేవాడు ఫోటో తీసి పంపుతాడు. ఆ బర్మీస్ పిల్లే బాగా తిని రెండు మూడేళ్లలో ఎనిమిది, పది అడుగులకు చేరుతుందని, ఆడదైతే పన్నెండు దాటి పోతుందని, ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుందని చెప్పడు. రెటిక్, అంటే రెటిక్యులేటెడ్ పైథాన్ అయితే ప్రపంచంలోనే అతి పొడవైన పాము, ఇరవై అడుగులు దాటినవి ఉన్నాయి. డిగ్రీ మొదటి సంవత్సరంలో కొన్న కుర్రాడికి రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం రావచ్చు, పెళ్లి కావచ్చు, పిల్లలు పుట్టవచ్చు. పాము మాత్రం అదే గదిలో, ఇంకా పెద్దదై ఉంటుంది.

ముందు చట్టం సంగతి. మన కొండచిలువను ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదు. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. పొలంలో దొరికింది, చిన్నప్పటి నుంచి సాకుతున్నాను అన్నా అంతే. అలాంటి పాము నా దగ్గరికి వస్తే వైద్యం చేస్తాను, అటవీ శాఖకూ చెబుతాను. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను.

విదేశీ పాముల సంగతి వేరు. ఈ చట్టాన్ని 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువులకు అందులో ప్రత్యేకంగా నాలుగో షెడ్యూలు పెట్టారు. బాల్ పైథాన్, బోవా, అనకొండ అన్నీ సైటిస్ జాబితాలోవే. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి ప్రాణి ఎవరి దగ్గరున్నా కేంద్ర ప్రభుత్వ పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి. అందుకు ఇచ్చిన ఆరు నెలల గడువు అదే ఏడాది ఆగస్టుతో ముగిసింది. గడువు దాటింది కదా అని ఇంకా లోపలికి దాక్కోకండి. లాయరుతో మాట్లాడి, మీ ఫారెస్ట్ డివిజన్ ఆఫీసుకు రాతపూర్వకంగా తెలియజేయండి. ఇంకో మాట. బర్మీస్ పైథాన్ మన ఈశాన్య రాష్ట్రాల అడవుల్లో ఉంది, రెటిక్యులేటెడ్ పైథాన్ నికోబార్ దీవుల్లో ఉంది. అమ్మేవాడు "ఫారిన్ పాము సార్, ఏ ఇబ్బందీ లేదు" అంటే నమ్మి డబ్బు పంపకండి. డబ్బు కట్టకముందే అటవీ శాఖను అడగండి.

అవి ఎలా వస్తున్నాయో కూడా తెలుసుకోవాలి. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి వచ్చిన సామానులో 55 బాల్ పైథాన్లు, 17 కింగ్ కోబ్రాలు దొరికాయి. వాటితోపాటు పెట్టిన ఆరు కోతులు అప్పటికే చచ్చిపోయి ఉన్నాయి. కాగితాలు లేకుండా కొన్న ప్రతి పాము వెనకా ఇలాంటి బ్యాగు ఒకటి ఉండి ఉండవచ్చు. ఆ ప్రయాణం చేసి వచ్చిన పాములు నా బల్ల మీద ఎలా ఉంటాయో చెబుతాను. పొలుసుల సందుల్లో రక్తం పీల్చే నల్లటి చిన్న పురుగులు (మైట్స్), గలీబు దులిపితే ఆవగింజల్లా రాలతాయి. మెడ పైకెత్తి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే పెదాల అంచున బుడగలు వస్తుంటాయి, అది న్యుమోనియా. కుబుసం పూర్తిగా ఊడక కళ్ల మీద పొరలు పొరలుగా మిగిలిపోయి ఉంటుంది. కొన్నవాళ్లు అది కంటి రంగు అనుకుంటారు.

ఇక ప్రమాదం సంగతి. పెద్ద కొండచిలువ జాతి పాము మిమ్మల్ని తినాలని కాచుకుని కూర్చోదు. దానికి మీ మీద పగా లేదు, ప్రేమా లేదు. వాసన, వెచ్చదనం, కదలిక ఈ మూడూ కలిస్తే ఆహారం అనుకుంటుంది. పెంపకంలో జరిగే ప్రమాదాలు ఎక్కువగా మేత వేళకే జరుగుతాయి. ఎలుకను పట్టుకున్న చేత్తో, చేయి కడుక్కోకుండా, తలుపు తీసి నేరుగా లోపలికి పెడతారు. అది అందుకుంటుంది. అందుకున్నాక చుట్టేస్తుంది. చిక్కిన ప్రాణి ఊపిరాడక చస్తుందని ఇన్నాళ్లూ అనుకునేవాళ్లం. బోవాల మీద చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో తేలింది వేరు. ఆ బిగింపు వల్ల మొదట ఆగిపోయేది రక్తప్రసరణే. అంటే మీరు అనుకున్నంత సమయం మీకు ఉండదు.

రెండు సంఘటనలు చెబుతాను. రెండూ పేపర్లకెక్కినవే. 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక ఇంట్లో పెంచుకునే బర్మీస్ పైథాన్ రాత్రి బయటికొచ్చి రెండేళ్ల పాపను చంపింది. ఆ పాము పొడవు ఎనిమిదిన్నర అడుగులే. దాని తొట్టెకు సరైన మూత లేదు, దుప్పటి కప్పి ఉంచారు. కడుపు నిండా మేత కూడా లేదు. 2013లో కెనడాలో క్యాంప్‌బెల్టన్ అనే ఊళ్లో, ఒక సరీసృపాల దుకాణం పైనున్న ఇంట్లోంచి ఆఫ్రికన్ రాక్ పైథాన్ గాలి గొట్టం దారిన పాకి పక్క గది పైకప్పు మీదికి చేరింది. దాని బరువుకు కప్పు కూలి గదిలో పడింది. అక్కడ నిద్రపోతున్న ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు, ఒకరికి ఆరేళ్లు, ఒకరికి నాలుగేళ్లు. యజమాని నేరస్థుడు కాదని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మీద నేనేమీ అనను. కానీ ఆ గొట్టం మూతి మూసి ఉంటే అసలు కోర్టు దాకా పోయే పనే లేదు.

ఈ రెండు చోట్లా పాము మామూలుగా పాములు చేసేదే చేసింది. సందు ఉంటే దూరుతుంది. కాబట్టి మీ గది చూసుకోండి. గాజు తొట్టె మీద జాలీ పెట్టి పైన రెండు పుస్తకాలు పెడితే తాళం అయిపోదు. ఎనిమిది అడుగుల పాము ఒళ్లంతా కండే. అద్దం పలకను పక్కకు నెట్టడం దానికి కష్టం కాదు, రాత్రంతా అదే పని మీద ఉంటుంది. గూటికి నిజమైన తాళం వేయండి, తాళంచెవి పిల్లలకు అందనిచోట పెట్టండి. గూడున్న గదికి వేరే తలుపు, దానికి వేరే గడియ ఉండాలి. తలుపు కింద సందు, బాత్రూమ్ తూము, ఏసీ పైపు కోసం గోడకు పెట్టిన రంధ్రం, వాష్ ఏరియా గ్రిల్లు, అన్నీ చూడండి. మన అపార్ట్‌మెంట్లలో పైపులు దిగే డక్ట్ ఒకటి ఉంటుంది. పాము అందులోకి దిగిందంటే ఏ అంతస్తులో తేలుతుందో ఎవరూ చెప్పలేరు.

ఎనిమిది అడుగులు దాటిన పామును ఒక్కరే బయటికి తీయకూడదు. అనుభవమున్న పెంపకందార్లందరూ పాటించే నియమం ఇది. మేత పెట్టేటప్పుడూ, గూడు కడిగేటప్పుడూ పక్కన ఇంకో పెద్దమనిషి ఉండాలి, ఫోన్లో కాదు, గదిలో. గూడు తెరవగానే చేయి పెట్టకండి, ముందు హుక్‌తో ఒంటి మీద మెల్లగా తాకండి. కొన్నాళ్లకు అలా తాకితే అది మేత వేళ కాదని దానికి అలవాటవుతుంది. ఎలుకను పొడవాటి పటకారుతోనే అందించండి. బతికున్న ఎలుకను వేయకండి. అది భయంతో పామును కొరుకుతుంది, వెన్నెముక కనపడేదాకా కొరికించుకున్న పాములు నా దగ్గరికి వచ్చాయి. ఫ్రీజర్‌లో పెట్టిన ఎలుకను కరిగించి, గోరువెచ్చగా చేసి వేయాలి. ఒకవేళ చుట్టుకుంటే తల పట్టుకుని గుంజకండి, తోక చివర నుంచి విప్పుకుంటూ రావాలి, బలం తక్కువ అక్కడే. స్పిరిట్ సీసా ఒకటి చేతికందేలా ఉంచుకోండి, నోట్లో కాస్త పడితే చాలాసార్లు వదిలేస్తుంది. మెడలో వేసుకుని ఫోటోలు మాత్రం వద్దు. బిగిస్తే విప్పడానికి మీ చేతులు మీ మెడ దగ్గరికి చేరేలోపే అయిపోతుంది. పామును ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి. పాముల నుంచి అంటుకునే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా పసిపిల్లలకు, ముసలివాళ్లకు ప్రమాదం. వంటింటి సింకులో దాని నీళ్ల గిన్నె కడగకండి.

మన ఊరికే ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. పాముల పెంపకం గురించి చదివేదంతా చలి దేశాలవాళ్లు రాసిందే. వాళ్ల కష్టం పామును వెచ్చగా ఉంచడం. మన కష్టం చల్లగా ఉంచడం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, ఆ రోజుల్లో బెజవాడలో 45 డిగ్రీలు కొత్త కాదు. బాల్ పైథాన్‌కు వెచ్చటి మూల 32 డిగ్రీలు, చల్లటి మూల 26 ఉంటే చాలు. 40 దాటిన గదిలో గంటల తరబడి ఉంటే చచ్చిపోతుంది. పైఅంతస్తు గది, మధ్యాహ్నం కరెంటు పోయింది, మీరు ఆఫీసులో ఉన్నారు, అప్పుడేం చేస్తారు? ఇన్వర్టర్ మీద ఫ్యాన్ తిరిగితే అది వేడి గాలినే తిప్పుతుంది. ఏసీ గది, దానికి కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, పగటి పూట ఇంట్లో ఒక మనిషి లేకపోతే మన ఊళ్లో పెద్ద పామును పెంచడం కుదరదు. అదే డిసెంబర్‌లో ఇంటర్నెట్‌లో చూసి హీట్ రాక్ (కరెంటుతో వేడెక్కే రాయి) కొని పెడతారు, పాము దాని మీదే పడుకుని పొట్ట కాల్చుకుంటుంది. కాలుతున్నా పాము వెంటనే పక్కకు తప్పుకోదు. ఆ పుండ్లు మానడానికి నెలలు పడుతుంది.

దాపరికం దగ్గరికి మళ్లీ వస్తాను. గుంటూరులో ఒక కుర్రాడి బోవా తప్పిపోయింది. మంచి కుర్రాడు, పామును బాగా చూసుకునేవాడు. తప్పిపోయిందని ఎవరికీ చెప్పలేదు, చెబితే ఓనరు ఇల్లు ఖాళీ చేయమంటాడని. రెండు రోజులు రాత్రిళ్లు టార్చి పట్టుకుని మెట్ల మీద ఒక్కడే వెతుక్కున్నాడు. మూడో రోజు కింది ఫ్లాట్‌లో పనమ్మాయి వాషింగ్ మెషిన్ వెనక చూసి కేక పెట్టింది. ఇంకేముంది, కర్రలు వచ్చాయి. చివరికి దాన్ని గోనెసంచిలో నా దగ్గరికి తెచ్చాడు, బతికిస్తానేమోనని. తల చితికిపోయి ఉంది. ఆ అమ్మాయి ఎంత హడలిపోయిందో, ఆ ఇంట్లో నేల మీద పాకే పసిబిడ్డ ఉన్నాడని తెలిశాక ఆ కుర్రాడి ముఖం ఎలా అయిపోయిందో నేను మర్చిపోలేను. మొదటి గంటలోనే నాలుగు తలుపులు తట్టి చెప్పి ఉంటే, స్నేక్ క్యాచర్‌ని పిలిచి ఉంటే, ఆ పాము బతికేది. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులే ఇంట్లోకొచ్చిన పామును కర్రతో కొడతాయి. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు. భయం సహజం. ముందుగా తెలిసిన పామైతే ఆ భయం సగం తగ్గుతుంది.

అందుకే మిమ్మల్ని ఇది గట్టిగా అడుగుతున్నాను. ఓనరుకు చెప్పండి, ఇంట్లో పెద్దలకు చెప్పండి, పై ఫ్లాట్‌కూ కింది ఫ్లాట్‌కూ చెప్పండి. నమోదు పత్రం చూపించండి, గూడు చూపించండి, తాళం చూపించండి. గది తలుపు మీద పాము పేరు, పొడవు, విషం ఉందో లేదో, మీ నంబరు, డాక్టరు నంబరు రాసి అంటించండి. మీరు ఊళ్లో లేనప్పుడు మంటలంటుకుంటే ఫైర్ సిబ్బందికి లోపల ఏముందో తెలియాలి కదా. చెబితే ఒప్పుకోరు అంటారా? ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో ఆ పాము ఉండకూడదు. పక్క గోడ అవతల పడుకునేవాళ్లకు ఆ మాట చెప్పే హక్కు ఉంది.

విషపు పాముల గురించి ఎక్కువ మాట్లాడను. విదేశీ విషసర్పాన్ని పెంచకండి. మన ఆసుపత్రుల్లో దొరికే యాంటీవెనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర ఈ నాలుగింటి విషానికే తయారు చేసింది. ఇంకెక్కడి పాము కరిచినా విజయవాడలో మీకు ఇవ్వడానికి మందు ఉండదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లలోకి నీళ్లు ఎలా వచ్చాయో మనందరం చూశాం. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. జనం కట్టుబట్టలతో డాబాల మీదికెక్కారు. ఆ నీళ్లలో గ్రౌండ్ ఫ్లోర్ గదిలోని గూడు ఏమవుతుంది? ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. 1992లో ఆండ్రూ తుఫాను దక్షిణ ఫ్లోరిడాలో పాముల పెంపక కేంద్రం ఒకదాన్ని నేలమట్టం చేసింది. అప్పుడు తప్పించుకున్నవీ, పెంచలేక జనం వదిలేసినవీ కలిసి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మీస్ పైథాన్లు స్థిరపడ్డాయని అక్కడివాళ్లు భావిస్తున్నారు. 2012లో వచ్చిన అధ్యయనంలో అక్కడ రోడ్ల పక్కన కనపడే చిన్న అడవి జంతువుల్లో రకూన్లు 99.3 శాతం, ఒపోసమ్‌లు 98.9 శాతం తగ్గిపోయాయని తేలింది. ఆ పాములతో వచ్చిన ఊపిరితిత్తుల పరాన్నజీవి ఒకటి అక్కడి స్థానిక పాములకూ అంటుకుంది. అదే ఏడాది అమెరికా బర్మీస్‌తో సహా నాలుగు రకాల పెద్ద పాముల దిగుమతిని నిషేధించింది. అప్పటికే చేయి దాటిపోయింది.

ఇక్కడ వేడి ఉంది, నీళ్లున్నాయి, బందరు కాలువ, ఏలూరు కాలువ, వరిచేలు, ఆ పైన కొల్లేరు ఉన్నాయి. చేలల్లో ఎలుకలకూ, చెరువుల్లో పక్షులకూ కొదవ లేదు. అక్వేరియంలో అద్దాలు శుభ్రం చేస్తుందని కొన్న సక్కర్ చేప ఇవాళ చెరువుల్లో దెయ్యం చేప అయి వలలు చింపుతోంది. దాన్ని కూడా ఎవరో ఒకరు జాలిపడే నీళ్లలో వదిలారు. దయచేసి మీ పామును కృష్ణలోనో కొండపల్లి అడవిలోనో "స్వేచ్ఛగా బతకనీ" అని వదలకండి. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు వానాకాలానికి ముందే గూడు పై అంతస్తుకు మార్చండి. తాళం వేసే పెట్టె ఒకటి, గుడ్డ సంచులు నాలుగు సిద్ధంగా ఉంచండి. ఖాళీ చేయమని మైకులో చెప్పినప్పుడు వెతుక్కునే టైమ్ ఉండదు.

అటవీ శాఖ అధికారులకు కూడా ఒక మనవి. నమోదుకు భయపడేవాళ్లు పాములను కాలువల్లో వదిలేస్తారు. కేసు లేకుండా అప్పగించడానికి ఏడాదికోసారైనా విజయవాడలో, గుంటూరులో ఒక్కో రోజు పెట్టండి. రాష్ట్రంలో పెద్ద జూలు విశాఖలోనూ తిరుపతిలోనూ ఉన్నాయి, పెంచలేనన్న ప్రతివారి పామునూ అవి తీసుకోలేవు. మధ్యలో ఒక ఏర్పాటు కావాలి. ఎనిమిది అడుగులు దాటే జాతులకు గూడు, తాళం స్వయంగా చూశాకే అనుమతి ఇచ్చేలా నియమం పెట్టండి. తనిఖీకి పశువైద్యులం మేమూ వస్తాం.

చివరగా, పాము పెద్దదైపోయి ఇక చూసుకోలేకపోతున్నవాళ్లకు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆలస్యం చేయకండి. పాము జాతి, పొడవు, చివరిసారి ఎప్పుడు తిన్నది, మీ దగ్గరున్న కాగితాలు, ఇవన్నీ ఒక పేజీలో రాసి మీ పశువైద్యుడికి ఇవ్వండి. కాగితాలుంటే నమోదైన పెంపకందారుకు పోర్టల్ ద్వారానే బదిలీ చేయవచ్చు. లేకపోతే ఫారెస్ట్ ఆఫీసుకు మీతో పాటు నేనూ వస్తాను. ఆ రోజు దాకా రెండో తాళం వేసి ఉంచండి, మేత మానకండి.

ఇట్లు,
విజయవాడలో ఒక పశువైద్యుడు